గర్భ నిర్ధారణ పరీక్ష ఎప్పుడు చేసికొనవలెను?



మందుల దుకాణములలో లభించు గర్భ నిర్ధారణ పరీక్ష పెట్టెలోని సూచనల కాగితము ఒక్కొక్కప్పుడు తెలుగులో నుండకపోవచ్చును. చదివి చెప్పుమని పరులను అడుగుటకు మన ఆడపడుచులు సిగ్గుపడుదురు. కావున ఆ సంగతి మన భాషలో మేమే విన్నవించుచున్నాము.

పిండము గర్భాశయమున కుదురుకొనిన పిమ్మటనే హెచ్.సి.జి. అను పదార్థము మూత్రమున చేరును. బహిష్టు రావలసిన దినమునకు ముందే తొందరపడి పరీక్షించినచో, గర్భమున్నను లేదని చూపవచ్చును. ఆ దినము దాటిన పిమ్మట, ప్రాతఃకాలపు తొలి మూత్రముతో పరీక్షించుట మేలు. ఒకే గీత వచ్చి, బహిష్టు కూడ రానిచో, వారము దినములకు మరల చూడవలెను. అప్పటికిని ఒకే గీత యైనచో వైద్యురాలిని కలిసికొనవలెను.

మూడవ నెల వరకు ఈ మాట బయట పెట్టరాదని మన పెద్దలందురు. ఊరివారికి చెప్పకున్నను సరియే; వైద్యురాలికి మాత్రము దాచరాదు. శిశువు మెదడునకు, వెన్నుపామునకు మూలమైన నాళము గర్భము నిలిచిన నాలుగు వారములలోనే మూసికొనును. అందులకే ఫోలిక్ ఆమ్లపు మాత్రలు గర్భమునకు ముందునుండియే వాడవలెనని వైద్యులు చెప్పుదురు. రెండు గీతలు కనబడి, పొత్తికడుపున తీవ్రమైన నొప్పియో రక్తస్రావమో యున్నచో, గర్భము గర్భాశయము వెలుపల నిలిచి యుండవచ్చును. గడియైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

ప్రభుత్వ పథకము క్రింద ఆశా కార్యకర్తలు 'నిశ్చయ్' పరీక్ష పెట్టెలను ఉచితముగ నిత్తురు. అడుగుటకు సంకోచింపవలదు.

కడపట అత్తగార్లకు ఒక మనవి. ఒకే గీత వచ్చినదని కోడలిని నిందింపకుడు. అది తీర్పు కాదు, పరీక్ష మాత్రమే.