అరుగుమీద జీవశాస్త్రము



నేను జీవశాస్త్రము చదివినవాడను గాను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పండితుడను. సంధులు, సమాసములు నా సొత్తు. ఇట్టివాడు కళాశాలలో జీవశాస్త్రమును మొదలిడు పిల్లల పుస్తకములను గూర్చి ప్రసంగించుట యేమని మీకు తోచవచ్చును. ఆ పుస్తకమే నన్ను వెదకికొని రామాపురములో మా యరుగుమీదికి వచ్చినది.

మా వీధి రైతు కొమార్తె యొకతె పదవతరగతివరకు తెలుగున చదివి, మంచి మార్కులు తెచ్చుకొని, జూనియర్ కళాశాలలో బైపీసీలో చేరెను. వైద్యవిద్య దొరకిన సరి, లేనిచో బాపట్లలో 1945లో వెలసిన వ్యవసాయ కళాశాలయైనను చాలునని యామె కోరిక. రెండు నెలలు గాకమునుపే తండ్రి నాకడకు వచ్చి, “మాస్టారూ, గ్రూపు మార్పించుమని అమ్మాయి యేడ్చుచున్నదండి. రేయింబవళ్లు చదువుచునే యున్నది, తల కెక్కుట లేదట” అనెను. పిల్లను పుస్తకముతో రమ్మంటిని. ఇంగ్లీషు పుస్తకము, పుటకు పది పదునైదు క్రొత్తమాటలు. అక్షరము తప్పకుండ నన్నియు నప్పగించినది. అర్థమడుగగా తల వంచుకొన్నది. చిన్ననాడు మేమును అమరమును అర్థము తెలియకయే వల్లించితిమి గాని, మాకు పిమ్మట విప్పిచెప్పిన గురువులుండిరి.

మొదట మైటోకాండ్రియా యను మాట కంటబడెను. నిఘంటువు తీసితిమి. గ్రీకుభాషలో మొదటి భాగమునకు దారమనియు, రెండవదానికి చిన్న రేణువనియు అర్థము. సూక్ష్మదర్శినిలో నట్లు కనబడినందున నా పేరు వచ్చినది. “ఇంతేనా తాతగారూ!” అని పిల్ల నవ్వెను. తరువాత సెల్. 1665లో రాబర్ట్ హుక్ అను నాంగ్లేయుడు బెండుముక్కను పరీక్షించి, గదులు గదులుగా నున్నదని యా పేరు వాడెను. సెల్ అనగా చిన్నగది. మనవారు దీనిని కణమనిరి. కణమనగా నలుసు గదా! ఈ మార్పులో గది పోయి నలుసు మిగిలినది. నాటుకొన్న మాటను మార్చుమని నేననను గాని, పాఠము చెప్పువారు గదిమాటయు చెప్పినచో మేలు. కిరణజన్య సంయోగక్రియ యనునది మాత్రము చక్కగా కుదిరినది. వెలుతురు సాయమున ఆకు నీటిని, బొగ్గుపులుసు గాలిని కూర్చి చక్కెర చేసికొని, ప్రాణవాయువును వదలును. సమాసము విప్పినచో సగము పాఠము వచ్చినట్లే.

ఇక లాటిన్ పేర్లు. వరికి ఒరైజా సటైవా యని పేరు. ఈ రెండుమాటల పద్ధతిని స్వీడన్ దేశీయుడగు లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథమున మొక్కలకెల్ల వర్తింపజేసెను. దొరలకు వింతగా తోచునేమో గాని మనకు గాదు: ముందు ఇంటిపేరు, వెనుక సొంతపేరు. ఒరైజా ఇంటిపేరు, సటైవా యనగా విత్తి పెంచునది. నిజాంపట్నపు తీరమున బురదలోనుండి వ్రేళ్లు పైకెత్తి గాలి పీల్చు మడచెట్లలో నొకదాని ఇంటిపేరు అవిసీనియా. పూర్వము పారశీకమున ప్రసిద్ధుడగు ఇబ్న్ సీనా యను వైద్యుని స్మరణకై పెట్టినది. ఈ కథ విన్నపిమ్మట నా పేరును పిల్ల మరల చదువనక్కరలేకపోయెను.

తెలుగున ఈ శాస్త్రము లేదనుట సరికాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్ర గ్రంథమును వెలువరించెను. 1968లో తెలుగు అకాడమి యేర్పడి ఇంటర్మీడియట్టునకు వృక్ష, జంతుశాస్త్రములను తెలుగున అచ్చొత్తించెను. వానిలో పాతప్రతులు సంపాదించి, ఇంగ్లీషు పుస్తకము ప్రక్కన పెట్టి చదువుమంటిని. వైద్యవిద్యా ప్రవేశపరీక్షయగు నీట్‌ను తెలుగునను వ్రాయవచ్చును. అందలి 720 మార్కులలో 360 జీవశాస్త్రమునకే. అయినను ఆ పరీక్షకు పిల్లలు ముఖ్యముగా నమ్ముకొను ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములను ఫోనులోనికి వెలలేకుండ దింపుకొనవచ్చును గాని, మా పిల్లకు దొరకినది ఇంగ్లీషుదే. మన రాష్ట్రపు బడిపుస్తకములలో నొక పుట తెలుగు, ఎదుటిపుట ఇంగ్లీషు అచ్చువేయు పద్ధతి వచ్చినది. నాకది మిక్కిలి నచ్చినది. కళాశాల పుస్తకములన్నియు నట్లే యుండవలెనని నా పట్టు. ఇంగ్లీషు వలదని నేననుట లేదు. ఏరు దాటువానికి రెండవయొడ్డు చేరువరకు పడవ యుండవలెను గదా.

పుస్తకముతోనే తీరునది కూడ గాదు. ఒక ఆదివారము కాలువనుండి హైడ్రిల్లా యను నాచుమొక్కను తెచ్చి, గాజుపాత్ర నీటిలో నుంచి, పైన గరాటు బోర్లించి, దాని కాడమీద నీరు నిండిన గాజుగొట్టమును తలక్రిందుగా నిలిపి యెండలో పెట్టితిమి. కొంతసేపటికి బుడగలు లేచుట మొదలాయెను. నీడకు జరుపగా తగ్గెను. పిల్ల తండ్రి పొలము పోవుచు నిలిచి, బుడగలు లెక్కించుచు పనియే మరచెను. “మన వరియు నిదే చేయునా అమ్మాయీ?” అని యడిగెను. “అదే చేయును నాన్నా. ఆ చక్కెరే గింజలోనికి పోయి పిండియగును” అని పిల్ల తడుముకొనకుండ చెప్పెను. ఆ వాక్యము పుస్తకములోనిది గాదు, తన సొంతమాట. నేను పరీక్షాధికారినైనచో నప్పుడే మార్కులు వేసియుందును.

ఆమె గ్రూపు మార్చుకొనలేదు. మొన్నటి పరీక్షలో భౌతికశాస్త్రమున తక్కువ వచ్చినవని యిప్పుడు దిగులు. అది నా చేతిలో లేదు.

మీ యిండ్లలో చదువు ముగించిన పిల్లల పుస్తకములుండును. వానిని తూకమున కమ్మకుడు, క్రిందితరగతి పిల్లకిండు. మేము అర్థములు వ్రాసికొన్న మాటల నోటుపుస్తకము మా యింట నున్నది. ఇరుగుపొరుగూళ్ల పిల్లలు సాయంకాలము నాలుగుగంటల పిమ్మట వచ్చి వ్రాసికొనిపోవచ్చును. పెన్నులు మాత్రము తెచ్చుకొనుడని చెప్పుడు. నావి నిలుచుట లేదు.