చైను ఊడిన చోట తెలిసిన సంగతి

(సైకిల్ జాతా బృందం తరఫున డివిజన్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్ని ఊళ్లు తిరిగాం, ఎన్ని కరపత్రాలు పంచాం అన్న లెక్కలు కార్యదర్శి గారికి రాసి ఇచ్చాం. ఇక్కడ మూడో రోజు సంగతి ఒక్కటే చెబుతాం.

గుంటూరు నుంచి బందరు దాకా ఐదు రోజులు, ఆరుగురం. జీపు మాట్లాడితే డీజిలుకే నిధి చాలదు, అందుకని సైకిళ్లు. అందులో గొప్పేం లేదు. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా మన పెద్దలు రైతు రక్షణ యాత్ర నడిచే చేశారు. మాకు మనిషికి రోజుకు 60 రూపాయలు అనుకున్నాం. టీలు, పంక్చర్లు, మధ్యాహ్నం ఏ ఇడ్లీలో అందులోనే. రాత్రి భోజనం, పడక ఊళ్లో ఎవరింట్లోనైనా.

రెండో రాత్రి వేమూరు దాటాక ఒక ఊళ్లో పడుకున్నాం. మంచి డాబా ఇల్లు, పెద్ద అరుగు. ఇంటాయన మన సంఘం సభ్యుడే. కడుపునిండా పెట్టారు, పైసా ఖర్చు లేదు. సభ కూడా ఆ అరుగు మీదే జరిపాం. ఇరవై మంది వచ్చారు, అందరూ తలలూపారు. కౌలు సమస్య పెద్దగా లేదని నోటుబుక్కులో రాసుకున్నాం.

తెల్లారి మంచులోనే బయల్దేరాం. అవనిగడ్డ దాకా 40 కిలోమీటర్లు. ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోకముందే ఒక సైకిలు చైను ఊడింది. పక్కనే రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంతకుముందు డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు తడిసిన వడ్లు. రంగు మారాయి, మొలకొచ్చిన గింజలూ ఉన్నాయి. ఒకావిడ కాలితో తిరగేస్తోంది. చైను ఎక్కిస్తున్నంతసేపూ మాట్లాడింది.

మూడెకరాలు కౌలు, ఎకరాకు 22 బస్తాలు. నష్టం రాయడానికి వచ్చినవాళ్లు పొలం యజమాని పేరే రాసుకుపోయారట. కార్డు తీసుకోలేదా అమ్మా అని అడిగాం.

"ఆయన సంతకం పెట్టాలంట గదయ్యా. అడిగితే వచ్చే ఏడు చేను ఇస్తాడా?" అంది.

రాత్రి సభకు రాలేదేం అన్నాం. ఆవిడ వడ్లు తిరగేయడం ఆపలేదు.

"ఎవరి అరుగు మీద పెట్టారు బాబూ మీటింగు? ఆ చేను ఆయనదే."

చైను ఎప్పుడో ఎక్కింది. మాకే కాసేపు కదలబుద్ధి కాలేదు.

భట్టిప్రోలు దగ్గర రెండు పంక్చర్లు, 80 రూపాయలు. రేపల్లె దాటేసరికి సముద్రం గాలి ఎదురు తిరిగింది. పెనుమూడి వంతెన మీద దిగి నడిపించుకుంటూ పోయాం. కృష్ణ అక్కడ ఎంత వెడల్పో నడిస్తేనే తెలుస్తుంది. నడుస్తూనే గొడవ పడ్డాం. అవనిగడ్డలో ఆ రాత్రికి కుదిర్చిన ఇల్లు కూడా అలాంటిదే. సభ్యుణ్ణి అవమానించినట్టవుతుందని ముగ్గురం, పోవద్దని ముగ్గురం. చివరికి ఫోను చేసి మన్నించమని చెప్పాం. పులిగడ్డ దాటాక ఒక పాలెంలో బడి వరండాలో పడుకున్నాం. బియ్యం, గుడ్లు కొనుక్కుని వండుకుంటే ఆ రోజు లెక్క తప్పింది. మనిషికి 60 అనుకున్నది 85 అయింది. కోశాధికారి గారు అడిగిన తేడా అదే.

రాత్రి తొమ్మిదింటికి పనులు ముగించుకుని కౌలుదార్లు వచ్చారు, పదకొండు మంది. కార్డు ఉన్నది ఒక్కరికి. మిగతా అందరిదీ ఆవిడ మాటే. 2011 చట్టం ప్రకారం రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం తప్పనిసరిగా ఉండేది కాదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద ఆయన సంతకం ఉండాలంది. ఆ నిబంధన తీసేయాలని మనం తీర్మానాలు చేస్తున్నాం, చేయాల్సిందే. కానీ ఆ సంతకం పెట్టాల్సినవాళ్లలో కొందరు ఈ హాల్లోనే కూర్చున్నారు. పదకొండు నెలల కాగితంతో భూమి పోదని మనకు తెలుసు. ఊళ్లో మనమే కదా ఆ మాట చెప్పి తిరుగుతున్నది!

అందుకని మా ప్రతిపాదన ఇది. పొలం కౌలుకిచ్చిన సభ్యులు ఈ ఖరీఫ్‌కు ముందే ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఎవరు పెట్టారో ఆ జాబితా మే నెల సమావేశంలో చదవాలి. ఇకమీదట జాతా సభ ఎవరి అరుగు మీదా పెట్టకూడదు.

మా ఆరుగురిలో ఇద్దరం కౌలుకిచ్చినవాళ్లమే. ముందు మా పేర్లు రాసుకోండి.