చిన్న మాటల ఇంగ్లీషు
(హాస్టల్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)



బళ్లో మనకు 'టాలరేట్', 'రిజెక్ట్' లాంటి బరువు మాటలు బట్టీ పట్టించారు. అర్జీలకు, కోర్టు కాగితాలకు అవీ కావాల్సిందే. కానీ లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పుట్టి పెరిగినోళ్లు ఇంట్లో, వీధిలో చిన్న మాటలే ఎక్కువ వాడతారు. టాలరేట్‌కు బదులు 'పుటప్ విత్' అంటారు. రిజెక్ట్‌కు బదులు 'టర్న్ డౌన్' అంటారు. పుట్, టర్న్, అప్, డౌన్ మనకు తెలిసినవే. జత కలిస్తే అర్థం మారుద్ది. వీటినే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు.

ఇదేమన్నా వింతా? మన 'పడు' చూడండి. లోబడు, బయటపడు, నిలబడు, తిరగబడు. తిరగబడటమంటే తిరిగి కింద పడటమా? కాదు గదా! బడి మొహం చూడని మన అవ్వకు కూడా ఈ తేడా తెలుసు. ఆ తెలివితోనే ఇంగ్లీషూ పట్టుబడుద్ది.

కాబట్టి జతను విడదీసి అర్థం వెతక్కండి. వాక్యంలో పెట్టి నేర్వండి. రోజుకు రెండు చాలు. 'టర్న్ డౌన్' అంటే దరఖాస్తును కాదనడం, రేడియో చప్పుడు తగ్గించడం కూడా. 'ఇట్' వస్తే మధ్యలో కూర్చుంటది: 'టర్న్ ఇట్ డౌన్'.

ముందు ఈ మూడు నేర్వండి. 'లుక్ డౌన్ ఆన్' అంటే చిన్నచూపు చూడటం. 'పుటప్ విత్' అంటే ఓర్చుకోవడం. 'స్టాండప్ టు' అంటే ఎదురు నిలవడం. మూడూ మన బతుకులో ఉన్నవే, మాటలే కొత్త.

ఇంగ్లీషు ఎవరబ్బ సొత్తూ కాదు. సావిత్రీబాయి ఫూలే 1854లో అచ్చయిన తన కవితల పుస్తకంలోనే ఇంగ్లీషు నేర్వమని చెప్పింది. నేర్వండి, పక్కవాళ్లకు నేర్పండి.

జై భీమ్!