పరీక్షలు, మిరప కోతలు, మన పిల్లల చదువు

(ఈపూరులో పదో తరగతి విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గొప్పతనాన్ని గురించి ఈ సభకు చెప్పవలసిన పని లేదు. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చినది మొదలు ముస్లింల వెనుకబాటును గురించి మనం సభలు జరుపుతూనే ఉన్నాము. ఆరు నుండి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లలలో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని ఆ నివేదిక తేల్చింది. ఆ గండం దాటి పదో తరగతి దాకా వచ్చిన పిల్లలు మీ ఎదుట కూర్చున్నారు. వీరు ఎలా చదవాలన్నదే నేటి ప్రస్తావన.

మన పిల్లలలో అధికులు పాఠాన్ని పైకి చదువుతారు, మళ్లీ చదువుతారు, ఇంకోసారి చదువుతారు. శ్రమకు లోటు లేదు. లోపం పద్ధతిలో ఉన్నది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు ఒక ప్రయోగం ప్రకటించారు. విద్యార్థులలో కొందరు పాఠాన్ని రెండోసారి చదివారు. మరికొందరు ఒకసారి చదివి, కాగితం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరువాత చూస్తే రెండుసార్లు చదివినవారికి గుర్తున్నది 81 శాతం, రాసినవారికి 75. వారం గడిచాక చూస్తే చదివినవారికి 42, రాసినవారికి 56. రాత్రి చదివి "నాకు వచ్చేసింది" అని మురిసిపోయే పిల్లవాడు ఆ ఐదు నిమిషాల ఫలితాన్ని చూసి మురిసిపోతున్నాడు. పరీక్ష వచ్చేది వారాలు, నెలలు గడిచాక.

ఇది మన మదర్సాలకు కొత్త సంగతి కాదు. హిఫ్జ్ చేసే బాలుడు సబక్‌ను ఉస్తాదుకు చూడకుండా వినిపిస్తాడు. దానితోబాటు మొన్నటి పాఠం, వెనుకటి పారాలు వంతులవారీగా అప్పజెబుతాడు. పాతది నిలిచినదని తెలిసేదాకా కొత్తది ముందుకు సాగదు. భౌతిక శాస్త్రానికీ, సాంఘిక శాస్త్రానికీ ఇదే క్రమం పాటించండి. పాఠం చదివాక పుస్తకం మూసి తెల్లకాగితంపై రాయండి. పుస్తకం తెరిచి తప్పినచోట గీత పెట్టండి. మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఆ గీతలున్న చోట్లనే తిరిగి పరీక్షించుకోండి. లెక్కలలో మాత్రం బట్టీ పనికిరాదు. చేసి ఉన్న లెక్కను మూసి, మొదటి నుండి స్వయంగా చేయవలసిందే.

ఇక భాష సంగతి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంట్లో మాట ఉర్దూ. (దూదేకుల సోదరుల ఇండ్లలో తెలుగే గనుక వారికి ఈ చిక్కు కొంత తక్కువ.) పాఠం నిజంగా అర్థమైనదా లేదా తెలియాలంటే, దానిని ఇంటి భాషలో అమ్మీకి చెప్పి చూడండి. తల్లులారా, మీకు అక్షరాలు రాకపోయినా ఫరవాలేదు. "అలా ఎందుకు జరుగుతుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

పల్నాటిలో మిరప కోతలు జోరందుకునే నెలలూ, బడిలో పునశ్చరణ జరిగే నెలలూ ఒక్కటే. ఆ కూలి డబ్బు ఇంటికి అక్కర లేదని మేము అనము. కానీ కోతకు పంపేది ఎవరిని? తరచుగా ఆడపిల్లను. ప్రీఫైనల్ రాయవలసిన పిల్ల సాలు మధ్య వంగి ఉంటే, ఆమె అన్న బడిలో ఉంటాడు. కోతకు వెళ్లని రోజున కూడా అంట్లు, నీళ్లు ఆమెవే. ఈ నాలుగు నెలలైనా ఆ పనులు అన్నదమ్ములు చేస్తే వారి గౌరవానికి వచ్చే లోటేమీ లేదు. బడి ఉన్న రోజున ఏ పిల్లనూ చేనికి తీసుకుపోవద్దని పెద్దలను గట్టిగా కోరుతున్నాము.

రంజాన్ విషయం కూడా ఆలోచించాలి. 2025లో పదో తరగతి పరీక్షలు మార్చి 17న, రోజాల నడుమ మొదలైనాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, ఇకపై కొన్నేళ్లు అది పరీక్షలకు ముందున్న చదువు నెలలలోకి వస్తుంది. తరావీహ్ తరువాత అర్ధరాత్రి దాకా చదివి, సహరీకి లేచి, తరగతిలో కునికిపాట్లు పడటం చదువు కాదు. తరావీహ్ కాగానే పడుకొని, ఫజర్ తరువాత గంటన్నర కూర్చోండి. ఆ పూట కష్టమైన సబ్జెక్టుకు కేటాయించండి.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, పదో తరగతిలో వచ్చేవి 35 మార్కులా, 90 మార్కులా అన్న తేడా చాలా పెద్దది. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలలో ప్రవేశానికి వేరే పరీక్ష లేదు, ఈ మార్కులే ఆధారం. ప్రభుత్వ బడి పిల్లలకు అక్కడ అదనపు వెసులుబాటు కూడా ఉన్నది.

చివరగా, ఏళ్ల తరబడి దఫ్తరులో కాగితాలు చూసినవారిగా ఒక మాట. మన 'షేక్' అన్న ఇంటిపేరు ఇంగ్లీషులో ఒక కాగితంలో రెండక్షరాలుగా, మరొక కాగితంలో పూర్తిగా, ఇంకొక దానిలో వేరే స్పెల్లింగుతో ఉంటుంది. పదో తరగతి మార్కుల జాబితాలోని పేరు, పుట్టిన తేదీ జీవితాంతం వెంట వస్తాయి. బీసీ-ఇ ధ్రువపత్రం, ఫీజు రీయింబర్స్‌మెంటు, పాస్‌పోర్టు, అన్నీ దానితో సరిపోవాలి. నామినల్ రోల్స్ పంపకముందే ఆధార్ కార్డు తీసుకొని బడికి వెళ్లి, అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఎలా అడగాలో తెలియనివారు ఈ సభ ముగిశాక మా దగ్గరకు రండి, కలిసి వెళదాము.