ఇంట్లో చుట్టే బీడీ, అధిభౌతికవాదం



అధిభౌతికవాదం అనగానే ఆత్మ, పరమాత్మ గుర్తొస్తాయి. అరిస్టాటిల్ గ్రంథాల్లో భౌతికశాస్త్రం తర్వాత అమర్చిన వాటికి వచ్చిన పేరది. ఉనికి అంటే ఏమిటన్నది వాటి ప్రశ్న. 1878లో 'యాంటీ డ్యూరింగ్'లో ఎంగెల్స్, హెగెల్ బాటలో, ఆ మాటను మరో అర్థంలో వాడాడు: వస్తువులను విడివిడిగా, ఎప్పటికీ మారనివిగా చూసే ఆలోచనా పద్ధతి. నాస్తికుల్లోనూ ఇది ఉండొచ్చు. మన సంఘాల్లోనూ ఉంది!

బోధన్‌ను "చెరకు సీమ" అంటాం, అదేదో నేల గుణమైనట్టు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, 1937లో శక్కర్‌నగర్‌లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కలిసి చేసిన సీమ ఇది. 2002లో ఫ్యాక్టరీలో అధిక వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో గానుగ ఆగింది.

"ఆడవాళ్ల వేళ్లు సున్నితం, అందుకే బీడీలు చుడతారు" అన్నదీ అలాంటి మాటే. నిజామాబాద్‌లో ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని చుడితే యజమానికి షెడ్డు ఖర్చు లేదు, పనిగంటల లెక్క లేదు. వంటకూ పిల్లలకూ మధ్య చుడుతుంది గనుక దానికి "ఖాళీ టైము పని" అని పేరు, ఆ పేరుతో కూలి తక్కువ. వేళ్ల గుణంగా కనిపించేది ఇంటికీ కంపెనీకీ మధ్య ఉన్న సంబంధం.

1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారినీ కార్మికులుగానే లెక్కించింది. గుర్తింపు కార్డు అడిగేటప్పుడు మీరూ కార్మికులేనన్న మాటనే ముందు పెట్టండి.