టెస్టులో పాస్, యుద్ధంలో జామ్: ఎం16 తూటా కథ

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీంలో రోజూ వినిపించే డైలాగ్ ఒకటుంది: "నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేసిందండీ!" ఈ రోజు కథ కూడా అదే. కాకపోతే అక్కడ ఆగిపోయింది రైఫిల్, అదీ వియత్నాంలో, శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు.

ఎం16 రైఫిల్‌ని యూజీన్ స్టోనర్ డిజైన్ చేసినప్పుడు, తూటాలో ఐఎంఆర్ అనే మందు వాడేవారు. తూటా పేలగానే వచ్చే గ్యాస్‌లో కొంత సన్నని గొట్టం గుండా వెనక్కి వచ్చి బోల్ట్‌ని నెడుతుంది. ఖాళీ తూటా బయటికి, కొత్తది లోపలికి. అంటే మందు ఎలా మండుతుందో దాన్ని బట్టే తుపాకీ టైమింగ్.

కానీ సైన్యం అడిగిన వేగం, ప్రెషర్ లిమిట్ రెండూ ఐఎంఆర్‌తో భారీ ఉత్పత్తిలో కుదరడం కష్టమైంది. దాంతో 1964లో బాల్ పౌడర్‌కి ఓకే చెప్పారు. తుపాకీ అదే, లోపల మందు మాత్రం వేరు. మనవాళ్లు లైబ్రరీ వెర్షన్ మార్చేసి "చిన్న చేంజే" అంటారు చూడండి, అలా.

ఏమైంది? కాల్చే స్పీడ్ పెరిగిపోయింది. ఖాళీ తూటా ఇంకా ఉబ్బి ఛాంబర్ గోడకి అతుక్కుని ఉండగానే బోల్ట్ దాన్ని లాగేది. అంచు చిరిగిపోయేది, తూటా లోపలే ఇరుక్కునేది. పైగా ఆ మందులో కలిపిన కాల్షియం కార్బొనేట్ వల్ల గ్యాస్ గొట్టంలో మసి పేరుకునేది. ఛాంబర్‌కి క్రోమ్ పూత లేదు, వియత్నాం తేమకి తుప్పు. క్లీనింగ్ కిట్లు కూడా చాలామందికి అందలేదు!

1967 వసంతంలో ఖేసాన్ కొండల మీద యుద్ధం. జామ్ అయిన సైనికుడు ఏం చేయాలి? బ్యారెల్ ముందు నుంచి ఇనుప కడ్డీ దూర్చి, ఇరుక్కున్న తూటాని పొడిచి బయటికి తీయాలి. ఎదుటివాడు కాలుస్తూనే ఉంటాడు. తుపాకీ విప్పి సరిచేసుకుంటూ ఉండగానే చనిపోయినవాళ్లు దొరికారు. ఒక మెరీన్ ఇంటికి రాసిన ఉత్తరం అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది.

నాకు కోపం తెప్పించింది ఇది కాదు. బాల్ పౌడర్‌తో రైఫిళ్లు స్పీడ్ టెస్ట్ దాటవని కంపెనీ చెబితే, సరే, టెస్టుకి ఐఎంఆర్ తూటాలే వాడుకోండి అన్నారు. యుద్ధానికి మాత్రం బాల్ పౌడర్ తూటాలు! టెస్ట్ సర్వర్ ఒకటి, ప్రొడక్షన్ ఇంకొకటి. 1967 అక్టోబర్‌లో ఇకార్డ్ సబ్‌కమిటీ, తూటాల లోపాలు సరిచేయకపోవడం నేరపూరిత నిర్లక్ష్యం అంచున ఉందని రాసింది.

విచిత్రం ఏంటంటే, బాల్ పౌడర్‌ని తీసేయలేదు. ఛాంబర్‌కి క్రోమ్ వేశారు, స్పీడ్ తగ్గించే కొత్త బఫర్ పెట్టారు, కార్బొనేట్ తగ్గించారు. రైఫిల్ దారికొచ్చింది.

గురి సంగతి కూడా ఇంతే. బ్యారెల్ లోపలి మెలిక గాడులే బుల్లెట్‌ని తిప్పుతాయి. మొదట్లో 14 అంగుళాలకి ఒక చుట్టు. గడ్డకట్టే చలిలో గాలి చిక్కగా ఉంటుంది కదా, బుల్లెట్ ఊగేది. అందుకని 12 చేశారు. 1980ల్లో పొడవైన బుల్లెట్ వచ్చాక 7 అంగుళాలు! ఆ కొత్త బుల్లెట్‌ని పాత 12 బ్యారెల్‌లో కాలిస్తే అడ్డంగా వెళ్లి తగిలినా ఆశ్చర్యం లేదు.

అన్నట్టు, క్లీనింగ్ నేర్పడానికి సైన్యం విల్ ఐస్నర్‌తో ఒక కామిక్ పుస్తకం వేయించింది. మాన్యువల్ ఎవరూ చదవరని వాళ్లకీ తెలుసు మరి. దాని గురించి ఇంకో ఎపిసోడ్‌లో. బై!