ద్వీపయాత్రకు విడిది యెంపిక
(ఉపన్యాస పాఠము)



బిలాసపూరు రైల్వే కాలనీయందలి తెలుగు కుటుంబములకు సముద్రస్నానమన్న చిరకాలముగా పూరీయే. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. నాగపూరు నుండి అసన్‌సోల్ వరకు గల ప్రధాన మార్గము 1891 నాటికి పూర్తియైనది. ఆ మార్గము వలననే బిలాసపూరు రైలు పట్టణమైనది. తరువాత 1931లో రాయపూరు–విజయనగరము మార్గము ముగిసి, ఉత్తరాంధ్రము నుండి పనికి వచ్చువారికి దారి దగ్గరయైనది. ఆ కంపెనీయే 1925లో పూరీ తీరమున ఒక హోటలు తెరచినది. బి.ఎన్.ఆర్. హోటలను పేరు నేటికిని ప్రసిద్ధము. అది దొరలను, మొదటి తరగతి ప్రయాణికులను ఉద్దేశించి నడపబడినది. ఫైర్‌మనునకు, గ్యాంగ్‌మనునకు సత్రములును పండాల యిండ్లును ఉండెడివి. ఎవరెక్కడ దిగినను ఒక్క సౌకర్యము మాత్రము అందరికిని సమానము: రైలు సముద్రము దాక పోవును. విడిది నచ్చకున్న వేరొక వీధికి మారవచ్చును. సెలవు తీరినంతనే సామాను సర్దుకొని బండి యెక్కవచ్చును. కావున పూరీలో విడిదిని తప్పుగా ఎన్నుకొన్నను నష్టము స్వల్పము.

అండమానునందు రైలు లేదు. ఈ ఒక్క భేదము సమస్తమును మార్చుచున్నది.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీలో అండమాను నికోబారు దీవులకు విమానమున పోవుటకు 2014లో ప్రత్యేకమైన సడలింపు ఈయబడినది. దాని గడువు రెండేసి సంవత్సరముల చొప్పున పలుమార్లు పొడిగింపబడినది. రైల్వే ఉద్యోగులకు పాసులు ఉన్నందున వారు ఈ రాయితీకి దూరముగా ఉండిరి. 2018లో, ఆ సంవత్సరపు ప్రివిలేజి పాసులను వదలుకొన్నచో, నాలుగేండ్లకొక మారు అఖిల భారత రాయితీని పొందు వీలు వారికిని కలిగినది. ఏ తరగతివారికి ఎక్కడినుండి విమానము, ఏ నిబంధనతో అను విషయమును ఎవరి కార్యాలయమున వారు ముందుగా వ్రాతమూలకముగా తెలిసికొనుట మేలు. పొరుగింటివాడు పోయి వచ్చినాడనుట ఆడిటువారికి ప్రమాణము కాజాలదు.

ఇట్లు దారి తెరువబడగానే లోకో పైలట్లును, గుమాస్తాలును, తపాలా, ఆదాయపు పన్ను శాఖలవారును ఆ దీవులవైపు చూడసాగిరి. వారిలో పెక్కురు చేయు మొదటి పని హోటలు బొమ్మలను చూచుట. నీలపు నీరు, తెల్లని యిసుక, కొబ్బరిచెట్ల నడుమ ఒక కుటీరము! ఆ బొమ్మను చూచి గదిని ఖాయపరచి, ఆ పిమ్మట టిక్కెట్టును, ఆ పిమ్మట ఓడను వెదకుదురు. ఈ వరుస తలక్రిందులైనది. ద్వీపమున విడిది చిట్టచివర నిర్ణయింపదగినది. ముందు నెల, పిదప విమానము, పిదప దీవి నుండి దీవికి పోవు ఓడ, ఆ పిదపనే గది.

నెల సంగతి మొదట చూడుడు. బిలాసపూరున బడులకు సెలవులిచ్చునది వేసవిలో. మే నెలలో అర్పానది ఇసుక నిప్పులు చెరుగుచుండగా మనస్సు సముద్రము మీదికి పోవుట సహజము. కాని భారతదేశమున నైరుతి ఋతుపవనము మొట్టమొదట తాకునది అండమాను ప్రాంతమునే. సాధారణముగా మే మూడవ, నాలుగవ వారములలోనే అక్కడ వానలు ఆరంభమగును. ఆ రోజులలో హోటళ్లు ధర తగ్గించుట చూచి మురియువారు కలరు. ఆ తగ్గింపును వాన యిచ్చుచున్నదిగాని యజమాని యిచ్చుట లేదు. సముద్రము పొంగిన దినమున దీవుల మధ్య ఓడలు నిలిచిపోవును. చౌకగా దొరకిన గది ముందు కూర్చుండి వాననే చూడవలసివచ్చును. జనవరి మొదలు ఏప్రిలు వరకు సముద్రము ప్రశాంతముగా ఉండు కాలము. బడి పోవునని వెనుకాడువారు ఏప్రిలు చివరి దినములనైనను చూచుకొనవచ్చును.

బిలాసపూరు నుండి ప్రధాన భూమి తీరమును చేరుట కష్టము కాదు. హౌరా ఒక రాత్రి ప్రయాణము. విశాఖపట్టణమునకు కోర్బా బండి పోవుచున్నది. విశాఖ నుండి ఓడలో పోదుమని ఉత్సాహపడువారు ఒక సంగతి మరువరాదు: ఆ ప్రయాణము రెండు రోజులకు పైబడినది, ఓడ నెలకు ఒకటి రెండు మారులు మాత్రమే ఉండును. పదిదినముల సెలవులో రాకపోకలకే సగము తరిగిపోవును. కడలి ప్రయాణమే పరమార్థమైనవారికి అది వేరు మాట.

రాజధానియైన పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమను పేరు పెట్టబడినది. యాత్రికులు ఎక్కువగా కోరు హేవలాకు దీవికి 2018 నుండి స్వరాజ్ ద్వీపమనియు, నీల్ దీవికి షహీద్ ద్వీపమనియు పేర్లు. గది కొరకు వ్రాయునపుడు రెండు పేర్లును తెలిసియుండుట మంచిది, హోటళ్ల ప్రకటనలలో పాత పేర్లు ఇంకను పోలేదు. స్వరాజ్ ద్వీపమందలి గ్రామముల పేర్లు మాత్రము ఎవరికిని క్రొత్తగా తోచవు: గోవిందనగరము, విజయనగరము, శ్యామనగరము, కృష్ణనగరము, రాధానగరము. తూర్పు బెంగాలు నుండి వచ్చి 1950ల నుండి అక్కడ స్థిరపడిన శరణార్థులు తమ భక్తిని అట్లు నేలపై వ్రాసికొనిరి. అచ్చటి విజయనగరమును చూచి మన గజపతుల విజయనగరమును తలచుకొను శ్రీకాకుళపు వృద్ధులు ఉండకపోరు.

హోటళ్లలో అధిక భాగము ఆ దీవికి తూర్పు వైపున, జెట్టీకి చేరువగా ఉన్నవి. పేరుపొందిన రాధానగరపు తీరము పడమట, జెట్టీకి సుమారు పండ్రెండు కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఈ రెంటిలో ఏది కోరవలెనో తెలియుటకు రెండు విషయములు తెలియవలెను. బొమ్మలో రెండును కానరావు.

మొదటిది ఆటుపోటులు. అక్కడ సముద్రము దినమునకు రెండు మారులు పెరిగి రెండు మారులు తరుగును. సమయము ప్రతిదినము సుమారు ఏబది నిమిషములు వెనుకకు జరుగుచుండును. పౌర్ణమికి, అమావాస్యకు పోటు అధికము. తూర్పు తీరమున ఆటు సమయమందు నీరు చాల దూరము వెనుకకు పోయి, పగడపు రాళ్లు బయటపడును. ఉదయము ఏడు గంటలకు మోకాటిలోతు నీరు చూపిన తీరమే మధ్యాహ్నము రాళ్లతో నిండిన మడుగుగా మారును. 'సముద్రము గుమ్మము ముందే' అను ప్రకటన అబద్ధము కాదు, అరపూట సత్యము. హోటలువానికి వ్రాయునపుడు "సముద్రము ఎంత దూరము?" అని అడుగుటకంటె "ఆటు సమయమున స్నానము చేయవచ్చునా?" అని అడుగుట తెలివి. రాధానగరపు ఇసుక తీరము స్నానమునకు మేలైనది. అయినను 2010లో అక్కడ ఒక అమెరికా పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపినది. నీటిలో దిగరాదని గుర్తుపెట్టిన భాగములను గౌరవింపవలెను, కాపలావారి మాట వినవలెను.

రెండవది సూర్యుడు. ఇది బిలాసపూరు వారికి ప్రత్యేకముగా చెప్పదగినది. భారత ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించునది. బిలాసపూరు దాదాపు ఆ రేఖ మీదనే యున్నది. ఇక్కడ గడియారమును సూర్యుడును ఒకే మాట పలుకుదురు. శ్రీవిజయపురము సుమారు 92¾ డిగ్రీల వద్ద ఉన్నందున, అక్కడ మధ్యాహ్నము గడియారమునకు నలువది నిమిషములు ముందే వచ్చును. డిసెంబరులో సాయంకాలము ఐదు గంటలకే సూర్యాస్తమయము. రాధానగరమున అస్తమయము చూడవలెనని బయలుదేరినవారు మూడున్నరకు జెట్టీలో దిగి, సామానుతో తూర్పు విడిదికి పోయి, కాఫీ త్రాగి, మరల ఆటోరిక్షా కుదుర్చుకొని పండ్రెండు కిలోమీటర్లు పోవునప్పటికి చీకటి పడును. సాయంకాలపు ఓడలో వచ్చువారు ఆనాటి సముద్రమును లెక్క వేసికొనరాదు.

ఇక వృద్ధులు. డెబ్బది యేండ్ల తల్లిని వెంటబెట్టుకొని పోవు ఒక లోకో పైలట్ కుటుంబమును ఊహింపుడు. ఆమెకు పగడములు చూడవలెనను కోరిక ఉండదు. మెట్లు తక్కువగా ఉన్న గది, కూర్చుండు మరుగుదొడ్డి, ఉదయము వేడినీరు, పూటకు ఇంత అన్నము, పప్పు ఉన్న చాలును. వెదురు కుటీరములు యువదంపతులకు సొగసుగాని, రాత్రివేళ ఇసుకలో నడచి పోవలసిన స్నానపుగది మోకాళ్ల నొప్పులవారికి శిక్ష. మంచినీటికి వానమీదను, విద్యుత్తునకు ఎక్కువగా డీజిలుమీదను ఆధారపడిన దీవులవి. నీటి నిల్వను, జనరేటరును గూర్చి అడుగుట చాదస్తము కాదు. 2004 డిసెంబరు 26న ఉప్పెన వచ్చి ఆ దీవులను ఎంత నష్టపరచినదో అందరెరుగుదురు. విడిది నుండి ఎత్తైన నేలకు దారి ఎటో దిగిన వెంటనే కనుగొనవలెను.

ఆ తల్లికి శ్రీవిజయపురమున దొరకు ఊరట ఒకటి కలదు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులందు తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతము. వారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయిన మత్స్యకారులును కూలీలును అనేకులు. పట్టణమున తెలుగు మాధ్యమ పాఠశాల సైతము కలదు. పగడములను చూచుటకు కొడుకు, కోడలు, మనుమరాలు పోయినను, ఆ పూట ఆమె తెలుగుమాట విని అన్నము తినగలదు. ఈ కారణముచేతనే చిన్న దీవిలో నాలుగు రాత్రులు ఉండుటకంటె అక్కడ రెండు, పట్టణమున రెండు పెట్టుకొనుట ముసలివారున్న కుటుంబమునకు యుక్తము.

చివరి రాత్రి మాత్రము పట్టణముననే గడపవలెను. ఇందు మినహాయింపు లేదు. గాలి లేచి ఉదయపు ఓడ ఆగిన, విమానము ఎవరికొరకును ఆగదు. స్వరాజ్ ద్వీపమందలి పెక్కు విడుదులలో ఉదయమే గది ఖాళీ చేయుమను నియమమును కలదు. ఓడ మధ్యాహ్నమైనచో సామానుతో, తల్లితో జెట్టీలో కూర్చుండవలసి వచ్చును. ఓడ ఆగినచో గది సొమ్ము తిరిగి యిత్తురా, మరునాటికి మార్తురా అనునది ముందే వ్రాయించుకొనదగిన ముఖ్యమైన షరతు. గదికి ఏసీ ఉన్నదా అని మూడు మారులు అడుగువారు దీనిని ఒక్క మారైనను అడుగరు!

ఇంతవరకు సుఖము సంగతి. ఇకమీదటిది ఉద్యోగము సంగతి.

సెలవు ప్రయాణ రాయితీ ప్రయాణపు ఖర్చునకే గాని బసకు కాదు. గది అద్దె, భోజనము, దీవి చూపు కారు కిరాయి ఉద్యోగి సొంత జేబునుండియే పోవలెను. ఈ మాట తెలిసిన ఏజెంటు, తెలియని ఉద్యోగి వద్దకు వచ్చి చెప్పునది యిది: "మీరు టిక్కెట్టు మా వద్ద తీసికొనుడు, మూడు రాత్రులు హోటలు ఉచితము." ఈ లోకములో హోటలు ఎవరును ఉచితముగా ఈయరు. ఉదాహరణకు పదివేల రూపాయల టిక్కెట్టు పదునెనిమిది వేలుగా వ్రాయబడును. నలుగురికి ముప్పదిరెండు వేలు మిగులును. గదియు, పడవయు, రాత్రి భోజనమును అందులోనుండి వచ్చును. చెల్లించునది ప్రభుత్వము, సంతకము చేయునది ఉద్యోగి, పట్టుబడినపుడు ఏజెంటు కంటికి కానరాడు. "అందరును ఇట్లే పోవుచున్నారు గదా" అను మాట ఇట్టి సమయములందు వినబడును. విచారణాధికారి యెదుట ఆ 'అందరు'లో ఒక్కడును సాక్షిగా నిలువడు.

ఇది ఊరక భయపెట్టుట కాదు. 1988 నాటి సెలవు ప్రయాణ రాయితీ నియమములలో పదునారవది దీనికొరకే ఉన్నది: తప్పుడు బిల్లు పెట్టినాడని క్రమశిక్షణ చర్య ఆరంభమైనచో, అది తేలువరకు రాయితీ ఆగును, శిక్ష పడినచో ఆగినవి గాక, ఇంకను రెండు విడతల రాయితీ పోవును. ఉద్యోగము మీద పడు శిక్ష వేరు. పెద్దలకును మినహాయింపు లేదు: దొంగ టిక్కెట్లతో ప్రయాణపు బిల్లులు పెట్టిన కేసులో 2022లో ఒక మాజీ రాజ్యసభ సభ్యునికి ఢిల్లీ న్యాయస్థానము కారాగారశిక్ష విధించినది.

ఈ చిక్కునుండి తప్పించుటకే ప్రభుత్వము విమాన టిక్కెట్లకు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐ.ఆర్.సి.టి.సి. అను మూడు సంస్థలను అధీకృతములుగా నిర్ణయించినది. ఐ.ఆర్.సి.టి.సి. వంటి ప్రభుత్వసంస్థ నడపు యాత్రలో చేరినను, ప్రయాణపు వెలను ఆ సంస్థ విడిగా ధ్రువపరచిననే ఆ మేరకు డబ్బు వచ్చును. బస వెల రాదు. కావున గదిని టిక్కెట్టుతో కలిపి యెవరు చూపినను వేరు చేసి అడుగవలెను: గది యెంత, ఓడ యెంత, విమానము ఎంత? ఆ మూడు అంకెలను విడివిడిగా చెప్పలేనివానితో బేరము వలదు. జేబునుండి చెల్లించునది ఎంతయో తెలిసినపుడే ఎంతలో గది చూడవలెనో తెలియును. ఆ లోకో పైలట్ కుటుంబము రాధానగరపు ఖరీదైన కుటీరమును వదలి తూర్పున సామాన్యమైన క్రింది అంతస్తు గదిని తీసికొనవలసి రావచ్చును. అప్పుడు ఉదయము ఆటోలో పడమటి తీరమునకు పోయి, పోటు చూచి స్నానమాడి, ఎండ ముదురకముందే తిరిగి రావచ్చును. తల్లికి గుమ్మము ముందే తూర్పున సూర్యోదయము ఉండనే ఉన్నది. అక్కడ అది ఐదు, ఐదున్నరకే వచ్చును, పెద్దవారు మేలుకొను వేళకు.

ముందుగా సొమ్ము తీసికొన్నవారు పది దినములలో టిక్కెట్టు చూపవలెను. తిరిగివచ్చిన నెలలోపల బిల్లు పెట్టవలెను. సొమ్ము తీసికొననివారికి మూడు నెలల గడువు కలదు. బోర్డింగు పాసులు తడిసిన బట్టల సంచిలో కాక ఆఫీసు కాగితములతో ఉంచుకొనుడు. ఉప్పుగాలికి అక్షరములు చెరిగిపోవును.